ఇనిట్ ఫైలు తీసేస్తేగానీ తెగని పేచీ

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో గూగుల్ క్లౌడ్ స్టోరేజ్, బిగ్‌క్వెరీ రెండు వేర్వేరు ప్యాకేజీలు, అంటే తెచ్చి వాడుకునే కోడ్ మూటలు. ప్యాకేజీలను తెచ్చిపెట్టే పిప్ అనే టూల్‌తో విడివిడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, వెర్షన్లూ వేరే. కానీ కోడ్‌లో రెంటినీ 'గూగుల్ డాట్ క్లౌడ్' నుంచే ఇంపోర్ట్ చేస్తాం. ఇంటిపేరు ఒకటే, కాపురాలు వేరు. ఇవాళ ఎవరూ పట్టించుకోని ఈ సదుపాయం భాషలోకి నేరుగా రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

పేచీ అంతా ఇనిట్ డాట్ పై (__init__.py) అనే ఒక్క ఫైలుతోనే. అది ఉన్న ఫోల్డరే ప్యాకేజీ అన్నది పాత నియమం. పైథాన్ తన సెర్చ్ పాత్‌లో, అంటే కోడ్ కోసం చూసే ఫోల్డర్ల జాబితాలో వరుసగా వెతుకుతూ, ఆ ఫైలు కనపడిన మొదటి ఫోల్డర్ దగ్గరే ఆగిపోయేది. అదే పేరుతో ఇంకోచోట మరో ఫోల్డర్ ఉన్నా దాని జోలికి పోయేది కాదు.

2003లో వచ్చిన 2.3 వెర్షన్‌లో ఎక్స్‌టెండ్ పాత్ అనే ఫంక్షన్ చేర్చారు. ఇనిట్ ఫైల్లో దాన్ని పిలిస్తే మిగతా ఫోల్డర్లూ కలిసేవి. తర్వాత ప్యాకేజీలు కట్టే టూల్ సెటప్‌టూల్స్ ఇలాంటిదే డిక్లేర్ నేమ్‌స్పేస్ అని తెచ్చింది. తమ పెద్ద వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ను జోప్ ఇంటర్‌ఫేస్, జోప్ కాంపోనెంట్ అంటూ ముక్కలు చేసుకున్న జోప్ వాళ్లకు ఇది తప్పనిసరి అవసరం. అయితే రెండు పద్ధతుల్లోనూ ప్రతి ముక్కా అదే ఇనిట్ ఫైలును మోసుకురావాలి. డెబియన్ లాంటి లినక్స్‌లలో అన్నీ ఒకే ఫోల్డర్‌లోకి చేరతాయి. ఒకే ఫైలు తనదేనని రెండు ప్యాకేజీలు అంటే, అక్కడ ప్యాకేజీలను ఎక్కించే డీపీకేజీ ఒప్పుకోదు, రెండోదాన్ని ఎక్కించకుండా ఎర్రర్ ఇస్తుంది. ఆ భారమంతా ప్యాకేజీలు కట్టే వాలంటీర్ల మీద పడింది. ఇది వాళ్లు చేసిన తప్పు కాదు, భాషలోనే ఉన్న లోటు.

పైథాన్‌లో మార్పు కోసం రాసే ప్రతిపాదనను పెప్ అంటారు. ఈ లోటు తీర్చడానికి 2009లో మార్టిన్ ఫాన్ లోవిస్ పెప్ 382 రాశారు. 2011లో ఫిలిప్ ఈబీ పెప్ 402తో వచ్చారు. 2012లో పైథాన్ వాళ్ల సమావేశమైన పైకాన్‌లో, కలిసి కూర్చుని పనిచేసే స్ప్రింట్స్‌లో సుదీర్ఘంగా చర్చించి రెండింటినీ పక్కన పెట్టారు. కానీ 402లోని ఆలోచనను వదల్లేదు. దాని బాటలోనే ఎరిక్ స్మిత్ పెప్ 420 రాశారు, అదే ఏడాది సెప్టెంబరులో 3.3 వెర్షన్‌తో అమల్లోకి వచ్చింది. ఇనిట్ లేని ఫోల్డర్ కనపడితే పైథాన్ దాన్ని గుర్తుపెట్టుకుని ముందుకు సాగుతుంది. దారిలో అదే పేరుతో ఇనిట్ ఉన్న మామూలు ప్యాకేజీగానీ, ఒకే ఫైలుగా ఉండే మాడ్యూల్‌గానీ తగలకపోతే, పోగైన ఫోల్డర్లన్నిటినీ ఒకే పేరు కింద కలుపుతుంది. ఎవరిదో తేలని ఫైలును అసలు లేకుండా చేయడమే ఇందులోని గొప్పతనం.

పాత అలవాటు మాత్రం త్వరగా పోలేదు. డిక్లేర్ నేమ్‌స్పేస్‌ను పిలిస్తే సెటప్‌టూల్స్ హెచ్చరించడం 2023లోగానీ మొదలవలేదు. ఇప్పటికీ ఎడిటబుల్‌గా, అంటే కోడ్ ఉన్నచోటి నుంచే నడిచేలా పెట్టుకున్న ఏ ఒక్క ముక్కలోనైనా ఖాళీ ఇనిట్ ఫైలు మిగిలిపోతే, వేరే ఫోల్డర్లలో ఉన్న మిగతా ముక్కలకు మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్ వస్తుంది.