దేవదూతల ఆట నడిపించబోతున్న మీకు

ప్రియమైన పిల్లలకు,

సెలవుల్లో మీరంతా కలిసి ‘ఇన్ నామినే’ ఆడబోతున్నారని తెలిసి చాలా సంతోషమేసింది. ఆటగాళ్లు దేవదూతల్లాంటి పాత్రలు తీసుకుని, బల్ల చుట్టూ కూర్చుని మాటలతో, పాచికలతో కథ నడిపే ఆట అది. నేను ఏళ్ల తరబడి నడిపాను. 1989లో ఫ్రాన్స్‌లో వచ్చిన ఆటను తీసుకుని, 1997లో అమెరికాలో స్టీవ్ జాక్సన్ గేమ్స్ వాళ్లు ఇంగ్లీషులో తయారుచేశారు. ఫ్రెంచి ఆటలో వెటకారం పాలు ఎక్కువ. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది తగ్గి, దేవదూతల మనసులో జరిగే పోరు పెద్దదైంది. నాకు నచ్చింది అదే.

గేమ్ మాస్టర్‌గా, అంటే కథ చెప్తూ ఆట నడిపించేవాడిగా, మొదట్లో నేనొక తప్పు చేశాను. దయ్యాలంటే కొట్టి చంపాల్సిన శత్రువులే అనుకున్నాను. సాయంత్రమంతా పాచికలు దొర్లాయి, ఎవరికీ ఏమీ గుర్తు లేదు. ఆ మాటకొస్తే ఈ ఆటలో కొట్లాట ఖరీదైన పని. ఇందులో సృష్టి అంతా ఒక సంగీతం. మనుషులకు హాని చేసినా, వస్తువులు ధ్వంసం చేసినా ఆ సంగీతంలో అలజడి పుడుతుంది, అది చుట్టుపక్కల ఉన్న దేవదూతలకూ దయ్యాలకూ వినపడే అవకాశం ఉంటుంది.

తర్వాత ఒక రోజు జరిగింది చెప్తాను. ఒకమ్మాయి సెరాపు పాత్ర తీసుకుంది. సెరాపులు దేవదూతల్లో ఒక రకం, సత్యానికి కట్టుబడ్డవాళ్లు, అబద్ధమాడితే వాళ్లలోనే అపశ్రుతి చేరుతుంది. అది పెరిగిపోతే దేవదూత పతనమై దయ్యమవుతాడు. ఆ సెరాపు ఒక పిల్లాణ్ని ఇంట్లో దాచింది. మనిషి రూపంలో ఉన్న దయ్యం తలుపు దగ్గరికొచ్చి, చాలా మర్యాదగా, “బాబు లోపలున్నాడా అండీ?” అని అడిగింది.

ఆ అమ్మాయి నావైపు చూసి, “ఉన్నాడంటే?” అంది. లోపలికొస్తుందన్నాను. “లేడంటే?” అంది. ఒక అపశ్రుతి అన్నాను. మాట్లాడకుండా ఉండే దారి కూడా తనకుంది, కానీ ఆ మౌనమే జవాబైపోతుందని తనకు తెలుసు. పెన్సిల్ తీసుకుని ముందు తన పాత్ర వివరాలు రాసుకున్న కాగితం మీద అపశ్రుతి దగ్గర ఒకటి వేసుకుంది. అప్పుడు తలెత్తి, “లేడు” అంది. బల్ల చుట్టూ ఎవరూ కదల్లేదు. పాచికలు ముట్టుకోనే లేదు.

అందుకే మీకు చెప్పేది ఇది: మీ దయ్యం అడిగేది నిజంగా ఇవ్వాలనిపించేలా ఉండాలి. కోరలు, కొమ్ములు వర్ణించడానికి పెట్టే టైమ్‌ని ఆ దయ్యం ఎదుటివాళ్లకి ఏం ఇవ్వగలదో ఆలోచించడానికి పెట్టండి. ఒక్కో దయ్యానికి ఒక్క వాక్యం రాసుకుంటే చాలు. ఆటగాళ్లు ఏది ఎంచుకున్నా, నియమం వేసిన శిక్షతో ఆపేయండి. అపశ్రుతి రాసుకున్న పిల్లకి, పైనుంచి నేనింకో దెబ్బ వేసి ఉంటే మళ్లీ ఎప్పుడూ అంత ధైర్యం చేసేది కాదు. దయ్యాలకు కూడా తిరిగి దేవదూతలయ్యే దారి ఈ ఆటలో ఉంది, దాన్ని మూసెయ్యకండి.

పాచికల సంగతి తేలికే. మూడు వేస్తారు. రెండింటి మొత్తం పని అయిందో లేదో చెప్తుంది, మూడోది ఎంత బాగా అయిందో, ఎంతగా చెడిందో చెప్తుంది. ఆ మూడోది వేరే రంగులో ఉంటే గొడవలుండవు. మూడు ఒకట్లు పడితే దైవం కల్పించుకున్నట్టు, మూడు ఆర్లు పడితే నరకం కల్పించుకున్నట్టు. ఒక్కోటి 216 సార్లకు ఒకసారి పడే లెక్క, కాబట్టి పడినప్పుడు హడావుడి పడకండి. ఒక నిమిషం ఆగి ఆలోచించుకుని చెప్పండి, అందరూ ఆగుతారు.

ఇంకొకటి, నాకు చాలా ముఖ్యమైనది. మీలో కొందరు ఈ దేవదూతలనే రోజూ ప్రార్థనలో తలుచుకుంటుండొచ్చు. ఆట మొదలవ్వకముందే ఒక్కొక్కరినీ విడిగా అడగండి, ఏ విషయం కథలోకి రాకూడదో. మధ్యలో ఎవరైనా “ఆపుదాం” అంటే కారణం అడక్కుండా ఆపెయ్యండి. అడిగితే రెండోసారి ఆ మాట అనడానికి మొహమాటపడతారు.

మొదటి రోజు రెండు గంటలు చాలు. సెరాపు పాత్ర ఎవరు తీసుకున్నారో, తలుపు దగ్గర ఏం జరిగిందో నాకు రాయండి.

ప్రేమతో,
మీ పెదనాన్న