రాగిరేకు మీద తడి మరక

కుంచెతో పూసిన పలచటి సిరాకు ఒక గుణం ఉంది. తడి ఆరేకొద్దీ రంగు అంచులకు జరుగుతుంది. మరక మధ్యలో లేతగా ఉండి, చుట్టూ సన్నటి ముదురు గీత మిగులుతుంది. కాగితం మీద దానంతటదే జరిగిపోయే ఈ పనిని రాగిరేకు చేత చేయించడానికి హాలండ్ ముద్రణకారులకు దాదాపు నూరేళ్ళు పట్టింది. డ్రాయింగును ఎచింగ్‌గా, అంటే ఆమ్లంతో తినిపించిన రాగిరేకు నుంచి తీసే అచ్చుబొమ్మగా, మార్చడంలో వాళ్ళకు గీత ఏనాడూ పెద్ద సమస్య కాలేదు. చిక్కంతా మరకతోనే.

గీత సంగతి ముందు చూద్దాం. నున్నగా మెరుగుపెట్టిన రాగిరేకును వేడిచేసి తేనెమైనం, అస్ఫాల్టం (ఒకరకం తారు), చెట్టుబంక కలిపిన పూతను పలచగా పరుస్తారు. కొవ్వొత్తి పొగ పట్టించి దాన్ని నల్లగా చేస్తారు. సూదితో గీస్తే మైనం లేచిపోయి ఎర్రటి రాగి బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ఉంచితే ఆ గీతల చోట మాత్రమే లోహం తినుకుపోయి గాడి పడుతుంది. ఆ గాడిలో సిరా నింపి, రేకు పైభాగం తుడిచి, కాగితం నొక్కితే అచ్చు పడుతుంది. ఎంతసేపు ఉంచితే అంత లోతు, అంత నలుపు. లేత గీతలు చాలనుకున్నప్పుడు రేకును తీసి, వాటిమీద వార్నిష్ పూసి, మిగిలినవాటి కోసం మళ్ళీ ముంచుతారు.

సూది పట్టకముందే ఒక మెలిక ఉంది. అచ్చులో బొమ్మ కుడిఎడమలు తారుమారవుతాయి. డ్రాయింగును ఉన్నదున్నట్టు రేకు మీద గీస్తే, అచ్చులో సైనికుడి కత్తి రెండో పక్కకు పోతుంది, రాసేవాడు ఎడమచేత్తో రాస్తుంటాడు. నీడ గీతలు కూడా పట్టిచ్చేస్తాయి. కుడిచేతివాటం చిత్రకారుడి నీడ గీతలు సాధారణంగా కింద ఎడమనుంచి పైన కుడివైపుకు వాలి ఉంటాయి. తిప్పడం మరిచిపోతే అవి ఎదురువాలుగా వస్తాయి. అందుకే నూనె పట్టించిన కాగితం మీద నకలు తీసుకుని, దాన్ని బోర్లించి, మధ్యలో ఎర్రసుద్ద రుద్దిన కాగితం పెట్టి మొద్దుసూదితో గీతలు దిద్దేవారు. నకలు తీయడానికి బద్ధకించి అసలు డ్రాయింగు మీదే దిద్దినవాళ్ళూ ఉన్నారు. పక్కనుంచి దీపం పడితే అలాంటి డ్రాయింగుల మీద ఆ నొక్కులు ఇప్పటికీ కనిపిస్తాయి.

ద హేగ్ నగరంలో వకీలుగా ఉన్న యాన్ డ బిస్‌ఖోప్ (1628–1671) ఈ విద్యను వృత్తిగా కాక ఇష్టంతో చేశాడు. ఎక్కువగా ఇటాలియన్ మహాచిత్రకారులవైన డ్రాయింగులను యాభైకి పైగా ఎచింగులుగా మార్చి, 1671లో ‘పారాడిగ్మాటా గ్రాఫిసెస్’ పేరుతో యువ చిత్రకారుల అభ్యాసం కోసం వెలువరించాడు. విచిత్రమేమిటంటే ఆయన డ్రాయింగులకు పేరొచ్చింది పలచటి సిరా పూతతోనే. ఎరుపు జీర కలిసిన ఆ వెచ్చని గోధుమరంగు సిరాను తర్వాత ఆయన పేరుతోనే పిలిచారు. అంతటి పూత చేయి గలవాడికి రాగి మీద పూతే దొరకలేదు. నీడనంతా సన్నటి సమాంతర గీతలుగా అనువదించుకోవలసి వచ్చింది. గీతల మధ్య ఎడం పెంచితే లేత నీడ, తగ్గిస్తే ముదురు నీడ. అందంగానే ఉంటుంది, కానీ అది అనువాదమే, నకలు కాదు.

గీతల్ని మరీ దగ్గరగా పేర్చి మరక తెప్పించలేమా అంటే, కుదరదు. ఆమ్లం కిందికే కాదు, పక్కలకూ తింటుంది. రెండు గాడుల మధ్య గోడ పలచబడి కూలితే వెడల్పాటి గుంట మిగులుతుంది. రేకును తుడిచేటప్పుడు గుంట మధ్యలోని సిరా గుడ్డకు అంటుకుపోతుంది, అంచుల్లో మాత్రమే నిలుస్తుంది. అచ్చులో మధ్య లేతగా, చుట్టూ ముదురుగా వస్తుంది. తడి మరక రూపం అచ్చం అదే! కాకపోతే అది చెప్పిన చోట రాదు, వద్దన్న చోట వస్తుంది.

ఈ పక్కతిండి ఎంత అన్నది ఆమ్లాన్ని బట్టి ఉంటుంది. నత్రికామ్లం రాగిని తినేటప్పుడు బుడగలు వదులుతుంది. అవి గీతను పట్టుకుని కూర్చుంటే కింద ఆమ్లం ఆడక గీత తెగుతుంది. అందుకే పక్షి ఈకతో నెమ్మదిగా తుడుస్తూ ఉండాలి. ‘డచ్ మార్డెంట్’ అనే ఆమ్ల మిశ్రమం బుడగలు రేపదు, నిదానంగా నిలువుగా దిగుతుంది. 88 పాళ్ళ నీటికి 2 పాళ్ళ పొటాషియం క్లోరేట్, 10 పాళ్ళ గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం దాని పాకం. క్లోరేట్‌ను వేడినీటిలో పూర్తిగా కరిగించి, చల్లారాక ఆమ్లం పోయాలి. క్లోరిన్ వాయువు వస్తుంది కాబట్టి మూసిన గదిలో కలపకూడదు. పేరులో డచ్ ఉన్నా బిస్‌ఖోప్‌కు ఇది తెలిసే వీల్లేదు, పొటాషియం క్లోరేట్ తయారైందే 18వ శతాబ్దం చివర్లో. ఆయన కాలపు యూరప్ వంటకాల్లో వెనిగర్, ఉప్పు, నవాసారం, రాగి చిలుము కలిపి కాచినది ఒకటి. పారిస్‌లో అబ్రహాం బోస్ 1645లో అచ్చువేసిన ఎచింగ్ పుస్తకంలో అది ఉంది.

మరకకు అసలు మందు గీతలో లేదు, పొడిలో ఉంది. రేకు మీద రోజిన్ (చెట్టుబంక) పొడిని మంచులా రాలనిచ్చి, కింద వేడి తగిలిస్తే ప్రతి రేణువూ కరిగి రాగికి అతుక్కుంటుంది. ఆమ్లం రేణువుల మధ్య సందుల్లో తిని, సిరాను పట్టే గరుకుతనాన్ని మిగులుస్తుంది. ఇదే ఆక్వాటింట్. తెల్లటి పొడి గాజులా పారదర్శకమైన క్షణంలో వేడి ఆపాలి. తక్కువైతే రేణువులు ఆమ్లంలో తేలిపోతాయి. ఎక్కువైతే అన్నీ కలిసి ఒకే పొరగా మారి, ఆమ్లం ఎక్కడా దిగదు. ఈ ఉపాయాన్ని ఆమ్‌స్టర్‌డామ్‌లో నాలుగో యాన్ వాన్ డ వెల్డ 1650లలోనే వాడాడు, కానీ అందిపుచ్చుకున్నవాళ్ళు లేరు. అది స్థిరపడింది 1760లలో, ఫ్రాన్స్‌లో.

హాలండ్‌లో నకలు అనదగ్గ పని ఆ దశాబ్దంలోనే మొదలైంది. కొర్నేలిస్ ప్లోస్ వాన్ ఆమ్‌స్టెల్ (1726–1798) ఆమ్‌స్టర్‌డామ్ కలప వ్యాపారి, గొప్ప డ్రాయింగుల సేకర్త. అవెర్‌కాంప్, ఓస్టాడ, వాన్ హోయెన్, రెంబ్రాంట్ వంటి పాత డచ్ చిత్రకారుల డ్రాయింగులకు 1765 నుంచి 1787 దాకా 46 నకళ్ళు వెలువరించాడు. సుద్దగీత కోసం పళ్ళచక్రం దొర్లించి చుక్కలు, కలంగీతకు సూది, పూతకు రేణువుల గరుకు. పద్ధతిని మాత్రం గుట్టుగా ఉంచుకున్నాడు. నా ఉద్దేశంలో ఆ గుట్టు ఒక్క ఉపాయంలో లేదు, ఒకే బొమ్మలో ఇన్నిటినీ కలపడంలో ఉంది.

రంగుల నకళ్ళలో ఇంకో బెడద. ఒక్కో రంగుకు ఒక్కో రేకు వాడితే అన్నీ ఒకే చోట పడాలి. అచ్చుకాగితాన్ని తడిపి వాడతారు. తడిస్తే అది సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మొదటి రేకుకూ రెండో రేకుకూ మధ్య కాస్త ఆరినా చాలు, రంగు గీత దాటి అర మిల్లీమీటరు పక్కకు పడుతుంది. తడి చెదరకుండా చూడడమే సగం పని.

ప్లోస్ సేకరణను 1800లో వేలం వేశారు. ఆయన పనిని క్రిస్టియాన్ యోసి కొనసాగించి, 1821లో మరిన్ని బొమ్మలతో కలిపి ప్రచురించాడు.

ఇలాంటి నకలును అసలు డ్రాయింగు నుంచి వేరుచేయాలంటే మొదట రేకు అంచు నొక్కు కోసం వెతకాలి. అంచులు కత్తిరించేసి ఉంటే పదిరెట్ల భూతద్దం తీయాలి. కుంచె సిరా కాగితపు పీచులోకి ఇంకి ఉంటుంది, అచ్చు సిరా పైన కాస్త ఉబ్బెత్తుగా నిలబడుతుంది. పూత ఉన్న చోట ఏకంగా పరుచుకున్న రంగు బదులు రేణువుల చుట్టూ అల్లుకున్న సన్నటి వల కనిపిస్తుంది. అన్నిటికన్నా సులువు, కాగితాన్ని వెనక్కి తిప్పడం: ప్లోస్ నకళ్ళ వెనక చాలావాటిమీద ఆయన ముద్ర ఉంటుంది.