వెలాసిటీ పెరిగితే టీమ్ బాగున్నట్టేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023 మేలో ఐటీ టవర్ వచ్చింది. అదే ఏడు అక్టోబరులో నల్గొండ ఐటీ హబ్ మొదలైంది. హైదరాబాద్ బస్సెక్కకుండానే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలు మా వైపు ఇప్పుడు కనిపిస్తున్నారు. వాళ్లతో పాటే స్ప్రింట్లు (కొన్ని వారాల పని విడతలు), స్టాండప్‌లు (రోజూ పెట్టుకునే చిన్న మీటింగులు), జిరా టికెట్లూ (ఒక్కో పనికి కంప్యూటర్లో తెరిచే చీటీలు) వచ్చాయి. ఈ పద్ధతి పేరు స్క్రమ్. ఇక్కడి చిన్న టీమ్‌లు దాన్ని సరిగ్గా పాటించేలా చూసే స్క్రమ్ మాస్టర్‌గా పని చేస్తుంటే మళ్లీ మళ్లీ చెవిన పడే మాటలివి.

అపోహ: స్టోరీ పాయింట్లు ఎక్కువ పూర్తయ్యాయంటే పని ఎక్కువ జరిగినట్టే.

వాస్తవం: స్టోరీ పాయింట్ గంటల లెక్క కాదు. ఒక పని ఇంకో పని కన్నా ఎంత పెద్దదో టీమ్ తన కోసం వేసుకునే అంచనా. ఒక స్ప్రింట్‌లో పూర్తయిన పాయింట్ల మొత్తమే వెలాసిటీ. వచ్చే స్ప్రింట్‌లో ఎంత పని ఎత్తుకోవచ్చో చూసుకోవడానికి పనికొస్తుంది. దాన్ని అప్రైజల్‌కు ముడిపెట్టి చూడండి, ఏమవుతుందో. 'ఓటీపీ మళ్లీ పంపు' బటన్ లాంటి పని జనవరిలో 3 పాయింట్లు. అలాంటిదే ఇంకో బటన్ మార్చి వచ్చేసరికి 5, జూన్‌కు 8. చార్టు పైకి పోతూనే ఉంటుంది, కస్టమర్‌కు దక్కేది మాత్రం అదే బటన్. ఇందులో ఎవరూ కావాలని మోసం చేయలేదు. అంకెను బట్టి ఇంక్రిమెంట్ అన్నాక ఎవరైనా చిన్న అంకె ఎందుకు వేస్తారు? ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే సాఫ్ట్‌వేర్ పద్ధతి తొలితరం వాళ్లలో ఒకరైన రాన్ జెఫ్రీస్, స్టోరీ పాయింట్లను కనిపెట్టింది తానే అయ్యుండొచ్చనీ, అదే నిజమైతే ఇప్పుడు సారీ అనీ రాశారు. 2020 స్క్రమ్ గైడ్‌లో స్టోరీ పాయింట్ల మాట గానీ, వెలాసిటీ మాట గానీ లేనే లేదు.

అపోహ: రెండు టీమ్‌ల వెలాసిటీ పక్కపక్కన పెడితే ఎవరు బాగా చేస్తున్నారో తెలిసిపోతుంది.

వాస్తవం: ఒక్కో టీమ్ పాయింటు సైజు వేరు. బస్తాకు ఎన్ని కిలోలు పోశారో చూడకుండా మిర్యాలగూడ మిల్లులో బస్తాలు లెక్కపెట్టినట్టు ఉంటుంది.

అపోహ: అయితే డోరా కొలతలు (సాఫ్ట్‌వేర్ విడుదల ఎలా సాగుతోందో చూసే లెక్కలు) పెట్టుకుంటే చాలు.

వాస్తవం: ఎంత తరచుగా డిప్లాయ్ చేస్తున్నాం, కోడ్ రాశాక ప్రొడక్షన్‌కు, అంటే కస్టమర్లు వాడే చోటికి, చేరడానికి ఎంతసేపు, ఎన్ని మార్పులు బెడిసికొడుతున్నాయి, బెడిసికొడితే ఎంతసేపట్లో సర్దుతున్నాం: అందరూ చెప్పుకునే నాలుగూ ఇవే. వెలాసిటీ కన్నా చాలా నయం. కానీ ఇవి చెప్పేది పని ఎలా బయటికి పోతోందన్న సంగతే. వారం వారం డిప్లాయ్‌మెంట్ జరిగితే అంకె బాగుంటుంది. అది ప్రతిసారీ రాత్రి పదకొండింటికి, ప్రతిసారీ అదే అమ్మాయి చేతుల మీదుగా జరుగుతోందన్నది అందులో కనిపించదు. డోరా పరిశోధనను ముందుండి నడిపిన నికోల్ ఫోర్స్‌గ్రెన్, మరికొందరితో కలిసి 2021లో 'స్పేస్' అనే చట్రం రాశారు. అందులో మొదటి అంశమే సంతృప్తి, బాగోగులు.

అపోహ: ఎవరూ కంప్లయింట్ చేయట్లేదు, సర్వేలో కూడా మంచి మార్కులొచ్చాయి. అంటే అందరూ హ్యాపీ.

వాస్తవం: దీని మీదే నాకు పేచీ ఎక్కువ. ఆరుగురున్న టీమ్‌కు 'పేరు అక్కర్లేదు' అని సర్వే పంపుతారు. కింద అనుభవం ఎన్నేళ్లు, ఆడా మగా, డెవలపరా టెస్టరా అని అడుగుతారు. టీమ్‌లో ఉన్నదే ఒక్క ఆడ టెస్టర్. ఆమె ఇంక నిజం ఎలా రాస్తుంది? ఐదుకు ఐదు ఇచ్చి ఊరుకుంటుంది.

రెట్రోలో, అంటే స్ప్రింట్ చివర ఏం బాగుందో ఏం బాగోలేదో మాట్లాడుకునే మీటింగులో, మేనేజర్ కూర్చుంటే వినిపించేది 'ఆల్ గుడ్ సార్' ఒక్కటే. మన దగ్గర పెద్దవాళ్ల ముందు ఎదురు చెప్పకూడదన్న అలవాటు ఇంట్లోంచే వస్తుంది, ఆఫీసు గేటు దగ్గర వదిలేసి రాలేం కదా. భయపడకుండా నోరు విప్పగలమన్న నమ్మకం టీమ్ నేర్చుకునే తీరును ఎలా మారుస్తుందో పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1999లోనే రాశారు. నేను చూసే గుర్తులు చిన్నవి. స్టాండప్‌లో 'ఇన్ ప్రోగ్రెస్' అని అదే టికెట్ గురించి వరసగా చెప్పేవాళ్లు ఉన్నారా? 'నాకు అర్థం కాలేదన్నా, ఎవరైనా కూర్చుంటారా' అని కొత్తవాళ్లు అడుగుతున్నారా? రెట్రోలో ముందు అందరం చీటీల మీద రాస్తాం, తర్వాత అందరికన్నా జూనియర్‌తో మాట్లాడిస్తాం. సీనియర్ ముందు నోరు తెరిస్తే ఆ రోజు రెట్రో అయిపోయినట్టే.

అపోహ: బర్నౌట్ అంటే అలసట. రెండు రోజులు లీవిస్తే సరి.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో దీన్ని జబ్బుగా కాదు, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగా చేర్చింది. మూడు లక్షణాలు చెప్పింది: ఒంట్లో శక్తి లేకపోవడం, పని మీద విరక్తి, పని సరిగ్గా చేయలేకపోతున్నామన్న భావం. సెలవు మొదటిదాన్ని కొంత తగ్గిస్తుందేమో. తిరిగొచ్చేసరికి అవే టికెట్లు కుప్పగా ఉంటే మిగతా రెండూ అలాగే ఉంటాయి.

అపోహ: అజైల్ అంటే స్పీడు.

వాస్తవం: 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది కూర్చుని అజైల్ మ్యానిఫెస్టో రాశారు. స్క్రమ్ లాంటి పద్ధతులన్నింటికీ గొడుగు పేరే అజైల్. ఆ మ్యానిఫెస్టో సూత్రాల్లో ఒకటి, ఎంతకాలమైనా నిలబెట్టుకోగల ఒకే వేగంతో సాగాలని. ఇంకొకటి, ప్రగతికి అసలు కొలత పనిచేసే సాఫ్ట్‌వేరేనని. చార్టుల పేరు ఎక్కడా లేదు.

అపోహ: సొంతూళ్లో ఉద్యోగమైతే టెన్షన్ ఉండదు.

వాస్తవం: అద్దె మిగులుతుంది, అమ్మ చేతి అన్నం దొరుకుతుంది, నిజమే. కానీ క్లయింట్ న్యూయార్క్‌లో ఉంటే వాళ్ల ఉదయం పదింటి కాల్ మనకు వేసవిలో రాత్రి ఏడున్నర. నవంబరులో వాళ్లు గడియారం మార్చగానే ఎనిమిదిన్నర అవుతుంది. దేవరకొండ వెళ్లాల్సిన వాళ్లకు ఆ గంటతో బస్సు తప్పుతుంది. సరిగ్గా అప్పుడే వరి కోతలు కూడా. అందుకే మా ప్లానింగ్‌లో ముందే బతుకమ్మ, దసరా సెలవులతో పాటు కోతల రోజులూ రాసుకుంటాం, ఆ స్ప్రింట్లలో పని తక్కువే ఎత్తుకుంటాం. స్టాండప్ పొద్దున్నే పెట్టుకుంటాం. రాత్రి క్లయింట్ కాల్‌కు వంతుల వారీగా ఇద్దరే ఉంటారు, మర్నాడు వాళ్లిద్దరూ ఆలస్యంగా వస్తారు. రాత్రి ఏడు దాటాక ఎవరికి ఎన్ని కాల్స్ పడ్డాయో బోర్డు మీద వెలాసిటీ పక్కనే రాస్తున్నాం.