అది హాజరు చీటీ, సర్టిఫికెట్ కాదు: ఇటలీ భాషా స్కూళ్ళపై అపోహలు – వాస్తవాలు

మొన్న రాత్రి పదకొండున్నరకి విజయవాడ నుంచి ఒకబ్బాయి ఫోన్ చేశాడు. ఇటలీలో మూడు నెలలు భాష చదివి వచ్చాడు. "అక్కా, మూడు సర్టిఫికెట్లున్నాయి, యూనివర్సిటీవాళ్ళు ఒక్కటీ తీసుకోవట్లేదు" అన్నాడు. ఫొటోలు పంపమన్నాను. మందపాటి కాగితం, బంగారు రంగు ముద్ర, డైరెక్టర్ సంతకం, అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. పైన పెద్దక్షరాల్లో రాసే ఉంది: "అత్తెస్తాతో ది ఫ్రెక్వెంత్సా". అంటే క్లాసులకి హాజరయ్యాడని. అతనికి ఎంత వచ్చో అందులో ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఇటాలియన్ చెప్పడం మొదలుపెట్టి పదేళ్ళయింది. ఈ ఫోను ఎవరో ఒకరి దగ్గర్నుంచి వస్తూనే ఉంటుంది. అందుకే ముందు దీని సంగతే.

అపోహ: ఇటలీలో కోర్సు పూర్తి చేస్తే సర్టిఫికెట్ వచ్చేస్తుంది.

కోర్సు వేరు, పరీక్ష వేరు. యూనివర్సిటీలు, ప్రభుత్వ ఆఫీసులు ప్రధానంగా లెక్కలోకి తీసుకునే పరీక్షలు నాలుగు. సీయెనా విదేశీయుల విశ్వవిద్యాలయం పెట్టేది చిల్స్. పెరూజా విదేశీయుల విశ్వవిద్యాలయానిది చేలి. దాంతే అలిగియేరి సంస్థది ప్లీదా. నాలుగోది రోమ్‌లోని రోమా త్రె యూనివర్సిటీది. స్కూలు ఎంత మంచిదైనా, అది ఇచ్చే కాగితం వీటికి బదులు కాదు.

కాబట్టి ఊరు, ఫీజు, గది అద్దె చూసేముందు మీకు ఏ కాగితం కావాలో తేల్చుకోండి. భాష ఎంత వచ్చో ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లుగా కొలుస్తారు. ఇటాలియన్‌లో బోధించే డిగ్రీకి మామూలుగా నాలుగో మెట్టు, బి2 అడుగుతారు. పౌరసత్వానికి 2018 చివర్నుంచి బి1 తప్పనిసరి. దీర్ఘకాల నివాస అనుమతికి ఎ2 చాలు. ఇంగ్లిష్‌లో బోధించే మాస్టర్స్‌కి వెళ్ళేవాళ్ళని చాలాచోట్ల ఇటాలియన్ సర్టిఫికెట్ అడగనే అడగరు. వాళ్ళు కూరగాయలు కొనుక్కునేంత భాష నేర్చుకుని వెళ్తే హాయిగా బతకొచ్చు. ఎవరో భయపెట్టారని బి2 కోసం లక్షలు పోయకండి.

పరీక్ష మనకి కుదిరినప్పుడు రాసేది కాదు. దానికి సెషన్లుంటాయి, రిజిస్ట్రేషన్ కొన్ని వారాల ముందే మూసేస్తారు, ఫలితాలకి మళ్ళీ ఎదురుచూడాలి. విజయవాడ అబ్బాయి కోర్సు నవంబర్ ఆఖర్న అయింది. డిసెంబర్ సెషన్ రిజిస్ట్రేషన్ అప్పటికే అయిపోయింది. స్కూల్లో ఎవరూ చెప్పలేదంటాడు. ఇతనూ అడగలేదు. అడ్మిషన్ జారిపోయాక నాకు ఫోన్ చేశాడు.

అతన్ని తిట్టలేను, ఎందుకంటే నేనూ తిన్నాను ఆ దెబ్బ. చిల్స్ బి2లో ఐదు భాగాలు, ఒక్కోదానికి 20 మార్కులు, ప్రతి భాగంలోనూ కనీసం 11 రావాలి. నాకు వ్యాకరణంలో, రాయడంలో దండిగా వచ్చాయి. వినడంలో 10. ఒక్క మార్కు! మొత్తం కలిపితే 70 దాటింది, అయినా ఫెయిలే. పాసైన భాగాలు ఏడాదిన్నర చెల్లుతాయని, పోయిందొక్కటే మళ్ళీ రాసుకోవచ్చని తెలిసేదాకా రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

స్కూలువాళ్ళకి మెయిల్ పెట్టేటప్పుడు ఇవి అడగండి: మీరు పరీక్షా కేంద్రమా? ఏ పరీక్షకి? నా కోర్సు అయ్యాక వచ్చే సెషన్‌కి రిజిస్ట్రేషన్ ఆఖరి తేదీ ఎప్పుడు? "మా సర్టిఫికెట్‌కి అంతర్జాతీయ గుర్తింపు ఉంది" అని ఊరుకుంటే ఇంకో స్కూలు చూసుకోండి. సొంతంగా చదువుకోగలిగితే పరీక్ష కోసమే ఇటలీ దాకా పోనక్కర్లేదు కూడా. వాటికి ఇతర దేశాల్లోనూ కేంద్రాలున్నాయి.

అపోహ: స్వచ్ఛమైన ఇటాలియన్ ఫ్లోరెన్స్‌లోనే వస్తుంది.

ప్రామాణిక భాష దాంతే, పెత్రార్క, బొకాచ్చో అనే పాతకాలపు రచయితల ఫ్లోరెన్స్ రాతభాష మీద నిలబడిన మాట నిజం. వీధిలో వినిపించేది మాత్రం అది కాదు. అక్కడ రెండు అచ్చుల మధ్య "క" వస్తే "హ" అయిపోతుంది. "లా కాసా" అంటే ఇల్లు, వాళ్ళ నోట అది "లా హాసా". దీనివల్ల కొంపలేం మునగవు. అసలు చిక్కు టూరిస్టులు. అక్కడ నేను తడుముకుంటూ ఇటాలియన్‌లో అడిగితే, కాఫీ కొట్టువాడు ఇంగ్లిష్‌లో జవాబిచ్చేవాడు. పెరూజాలో కూరగాయల కొట్టు ముసలావిడకి ఇంగ్లిష్ ముక్క రాదు. కోర్జెట్‌ని (దోసకాయలా ఉండే కూరగాయని) "జుక్కీనా" అంటారని నేను చెప్పేదాకా సంచీ ఇవ్వలేదు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

అపోహ: తెలుగువాళ్ళకి ఇటాలియన్ ఇట్టే వస్తుంది.

పలకడం వరకే నిజం. అజంతాలు, ద్విత్వాలు మనకి పుట్టుకతోనే వచ్చాయి. "నోనో" అంటే తొమ్మిదోది, "నొన్నో" అంటే తాత. ఇంగ్లిష్‌వాళ్ళు ఇక్కడే తడబడతారు, మనం తడబడం. కానీ బల్ల మగ, కుర్చీ ఆడ అనేసరికి అందరం ఒకటే. మీరు ఏ క్లాసులో కూర్చోవాలో తేల్చడానికి స్కూలు పెట్టే ప్లేస్‌మెంట్ టెస్ట్‌ని నిజాయితీగా రాయండి. పైక్లాసులో పడితే గొప్పేం కాదు, నెల వృథా.

అపోహ: భాషా స్కూల్లో చేరితే చాలు, అక్కడే ఉద్యోగం చేసుకుంటూ ఉండిపోవచ్చు.

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే వాళ్ళ మాట ఇది. చదువు మీద ఇచ్చే నివాస అనుమతితో వారానికి 20 గంటలకి మించి పని చేయకూడదు. ఆ అనుమతికి కూడా దిగిన 8 పనిదినాల్లో పోస్టాఫీసులో దరఖాస్తు కిట్ ఇవ్వాలి. ఏజెంటు ఇంకోలా చెబితే కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వడు.

ఇంకో చిన్న సంగతి. బ్రోషర్‌లో "వారానికి 20 పాఠాలు" అని చూసి నేను 20 గంటలనుకున్నాను. వెళ్ళాక చూస్తే పాఠానికి 45 నిమిషాలు. లెక్కేస్తే వారానికి 5 గంటలు తక్కువ. పాఠమంటే ఎన్ని నిమిషాలో డబ్బు కట్టకముందే అడగండి.