మూడు కోటల దగ్గర మొదలైన గొడవ: మాగ్నా కార్టా వెనక ఒక కుటుంబం

1215 జూన్ 15న థేమ్స్ నది పక్కన రనీమీడ్ అనే పచ్చిక మైదానంలో ఇంగ్లండ్ రాజు జాన్, తన మీద తిరగబడ్డ ప్రభువుల షరతులకు ఒప్పుకున్నాడు. ఆ పత్రమే మాగ్నా కార్టా. మన రాజ్యాంగంలో ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణనిచ్చే 21వ అధికరణం గురించి చెప్పేటప్పుడు లా క్లాసుల్లో దీని 39వ క్లాజు ప్రస్తావన తరచూ వస్తుంది. సాటివాళ్ల తీర్పో, దేశ చట్టమో లేకుండా స్వతంత్రుడైన ఏ మనిషినీ పట్టుకోకూడదు, జైల్లో పెట్టకూడదు అని అందులో ఉంది. అయితే పత్రమంతా చదువుతుంటే నాకు ఎక్కువగా కనిపించేది ఇళ్లల్లోని గోడు. తండ్రి పోయాక వారసుడి దగ్గర ఎంత వసూలు చేయాలి? భర్త పోయిన ఆడమనిషికి బలవంతంగా మళ్లీ పెళ్లి చేయొచ్చా? బందీలుగా తీసుకెళ్లిన పిల్లల్ని ఎప్పుడు వెనక్కి పంపాలి? వీటి మూలం తెలియాలంటే జాన్ పుట్టిన ఇంటి సంగతి తెలియాలి.

ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ, ఎలినార్ దంపతులకు జాన్ ఆఖరి బిడ్డ. అప్పటికే పెద్దకొడుకు హెన్రీకి ఇంగ్లండ్, నార్మండీ, రిచర్డ్‌కు తల్లి వైపు నుంచి వచ్చే అక్విటైన్, జెఫ్రీకి పెళ్లి ద్వారా బ్రిటనీ అని పంపకాలు అయిపోయాయి. ఇంగ్లండ్ తప్ప మిగతావన్నీ ఫ్రాన్స్‌లోని ప్రాంతాలు. చిన్నవాడికి ఏమీ మిగల్లేదు. అందుకే అతనికి లాక్‌లాండ్ అన్న పేరు పడింది, అంటే సెంటు భూమి లేనివాడని. 1173లో జాన్‌కు ఒక పెళ్లి సంబంధం కుదుర్చుతూ షినాన్, లూడన్, మిరబో అనే మూడు కోటలు ఇస్తానని తండ్రి మాట ఇచ్చాడు. పట్టాభిషేకం జరిగినా పెత్తనం చేతికి రాని పెద్దకొడుక్కి, తన వాటాలోంచి ఆ కోటలు పోవడం చాలా కష్టంగా తోచింది. అతను తిరగబడ్డాడు, రిచర్డ్, జెఫ్రీ తోడయ్యారు, తల్లి కూడా కొడుకుల వైపే నిలిచింది. చివరికి తండ్రిదే పైచేయి అయింది. కొడుకుల్ని క్షమించాడు గానీ, భార్యను మాత్రం తాను పోయేదాకా నిర్బంధంలోనే ఉంచాడు.

ఆ మూడు కోటల్లో ఒకటైన షినాన్‌లోనే 1189లో రెండో హెన్రీ ప్రాణం పోయింది. అప్పటికి రిచర్డ్, ఫ్రాన్స్ రాజు ఫిలిప్ కలిసి ఆయన్ని ఓడించారు. తనను వదిలి అవతలి పక్షంలో చేరినవాళ్ల పేర్లు చదివించుకుంటే అందులో తాను అందరికన్నా ప్రేమించిన జాన్ పేరు వినిపించిందని ఆ కాలపు రచయితలు రాశారు. ఆ తర్వాత ఆయన ఎన్నో రోజులు బతకలేదు. పెద్దకొడుకు అంతకుముందే పోవడంతో రిచర్డ్ రాజయ్యాడు. అతను జర్మనీలో బందీగా ఉన్నప్పుడు జాన్ ఈ అన్న మీద కూడా కుట్ర చేశాడు.

1199లో రిచర్డ్ పెళ్లిలో పుట్టిన పిల్లలు లేకుండా పోయాడు. సింహాసనం తమ్ముడు జాన్‌దా, మధ్యలో చనిపోయిన జెఫ్రీ కొడుకు ఆర్థర్‌దా? అప్పటికి ఆర్థర్‌కు పన్నెండేళ్లు. రాజ్యం జాన్‌కే దక్కింది. కానీ మరుసటి ఏడాదే అతను ఫ్రాన్స్‌లోని లూసిన్యాన్ అనే ప్రభువుల వంశంలో పెళ్లి నిశ్చయమైన ఇసబెల్లా అనే చిన్నపిల్లను తాను పెళ్లి చేసుకున్నాడు. ఆ వంశంవాళ్లు ఫిలిప్ దగ్గర మొరపెట్టుకున్నారు, ఎందుకంటే ఫ్రాన్స్‌లోని భూముల వరకు జాన్ ఫిలిప్‌కు సామంతుడు. ఫ్రాన్స్‌లోని జాన్ భూములన్నీ జప్తు అంటూ ఫిలిప్ యుద్ధానికి దిగాడు, ఆర్థర్‌ను ముందు పెట్టాడు.

1202లో పదిహేనేళ్ల ఆర్థర్ మిరబో కోటను ముట్టడించాడు. లోపల ఉన్నది అతని నాయనమ్మ ఎలినార్, దాదాపు ఎనభై ఏళ్ల మనిషి. కబురు అందగానే జాన్ రెండు రోజుల్లో ఎనభై మైళ్లు వచ్చి, తెల్లవారుజామున మీదపడి, అన్న కొడుకుని పట్టుకున్నాడు. జాన్ జీవితంలో ఇంత పెద్ద గెలుపు ఇంకొకటి లేదు. కానీ మరుసటి ఏడాది నుంచి ఆర్థర్ ఎవరికీ కనిపించలేదు. బాబాయే చంపాడన్న మాట దేశమంతా పాకింది. 1204లో నార్మండీ చేజారిపోయింది.

దాన్ని తిరిగి గెలవడానికి డబ్బు కావాలి. యుద్ధానికి రాని ప్రభువులు కట్టే పన్నును తండ్రి 34 ఏళ్లలో ఎనిమిది సార్లు వేస్తే, జాన్ 17 ఏళ్లలో పదకొండు సార్లు వేశాడు. పెళ్లిళ్లను కూడా వదల్లేదు. ఇసబెల్లా కోసం వదిలేసిన తన మొదటి భార్యను 1214లో జెఫ్రీ డి మాండవిల్ అనే ప్రభువుకు ఇచ్చి, అందుకు అతని మీద 20,000 మార్కుల బాకీ రాశాడు. మార్కు అంటే పౌండులో మూడింట రెండు వంతులు. ఏడాది తిరిగేసరికి, మాగ్నా కార్టాను అమలు చేయించడానికి ఎన్నుకున్న 25 మంది ప్రభువుల్లో ఈ మాండవిల్ ఒకడు.

నన్ను ఎక్కువగా కలచివేసేది మటిల్డా డి బ్రియోజ్ కథ. ఆమె భర్త మిరబోలో రాజు పక్కన ఉన్నవాడే. తర్వాత రాజుకు బాకీపడ్డాడు. పిల్లల్ని హామీగా పంపమని మనుషులు వస్తే, సొంత అన్న కొడుకుని ఏం చేశాడో తెలిసి నా పిల్లల్ని ఎలా ఇస్తానని ఆమె అడిగిందట. 1210లో ఆమె, పెద్దకొడుకు రాజు ఖైదులో తిండిలేక చనిపోయారు.

జాన్ సోమరి కాదు. ఊరూరా తిరిగి స్వయంగా కేసులు విన్నాడు, లెక్కలు శ్రద్ధగా రాయించాడు. కానీ అతని చేతుల్లో తమ బిడ్డలు క్షేమమన్న నమ్మకం ప్రభువులకు పోయింది. 1214లో బువీన్ దగ్గర ఫిలిప్ చేతిలో అతని మిత్రపక్షాలు ఓడిపోవడంతో వాళ్లు తిరగబడ్డారు. రనీమీడ్ ఒప్పందాన్ని పోప్ ఆగస్టులోనే రద్దు చేశాడు. మళ్లీ యుద్ధం మొదలైంది. 1216 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని న్యూవార్క్‌లో జాన్ విరేచనాల జబ్బుతో చనిపోయాడు. తొమ్మిదేళ్ల కొడుకు మూడో హెన్రీని నిలబెట్టడానికి పెద్దలు మాగ్నా కార్టాను మార్పులతో మళ్లీ ప్రకటించారు.

వేల్స్ నుంచి తెచ్చిన బందీలను వెంటనే వదలాలని 1215 నాటి పత్రంలో రాశారు. స్కాట్లండ్ రాజు అక్కల సంగతి కూడా రాశారు. ఆర్థర్ అక్క, చనిపోయిన నాయనమ్మ పేరే పెట్టుకున్న ఎలినార్ ఊసు మాత్రం ఎక్కడా లేదు. తమ్ముడు పట్టుబడ్డ 1202లోనే ఆమెనూ బాబాయి బంధించాడు. ఆమె ఏ నేరమూ చేయలేదు, ఎవరూ విచారించలేదు. పెళ్లి చేస్తే పుట్టే బిడ్డ సింహాసనం అడుగుతాడన్న భయంతో జాన్, అతని తర్వాత హెన్రీ ఆమెను కోటల్లోనే ఉంచారు. 1241లో, దాదాపు నలభై ఏళ్ల నిర్బంధం తర్వాత, ఆమె బందీగానే కన్నుమూసింది.