జాతరలో మొక్కు, మిగతా రోజుల్లో వెక్కిరింత

తిరుపతిలో గంగ జాతర వచ్చిందంటే మగవాళ్లు చీర కట్టడం ఎవరికీ వింత కాదు. సవరం పెట్టి జడ వేసి, పూలు ముడిచి, ఇంట్లో ఆడవాళ్లే ముస్తాబు చేసి తాతయ్యగుంట గుడికి పంపుతారు. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కున్నాడట. అతన్ని వెతుకుతూ అమ్మవారు బైరాగి, బండ, తోటి అని రోజుకో వేషం కట్టింది. చివరికి దొర వేషం కట్టింది. నిజంగా దొరే వచ్చాడనుకుని పాలెగాడు బయటికి రాగానే తల నరికింది. అంటే మగవేషంలో ఉన్న అమ్మవారు. ఆ వేషం కట్టేది మళ్లీ కైకాల కుటుంబాల మగవాళ్లు! కొండ మీద బ్రహ్మోత్సవాల అయిదో రోజు పొద్దున మలయప్పస్వామి మోహినిగా పల్లకిలో ఊరేగుతాడు.

ఇవన్నీ చూపించి మన ఊళ్లో ట్రాన్స్‌జెండర్లు, గే, లెస్బియన్ల మీద వివక్ష ఎక్కడుందని అడిగేవాళ్లున్నారు. నాకు ఆ మాట ఒప్పదు. జాతర వేషం మొక్కు, తీరగానే చీర విప్పేస్తారు. విప్పనివాళ్లకు మిగిలేది ‘తేడా’, ‘కొజ్జా’ అనే పిలుపులే.

ఈ వెక్కిరింతకు చట్టం కూడా తోడైంది. 1860లో ఇంగ్లీషువాళ్లు రాసిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ స్వలింగ సంబంధాన్ని యావజ్జీవ శిక్ష దాకా వెళ్లే నేరం చేసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన ప్రాంతానికీ అదే వర్తించింది. నిజాం రాజ్యంలో ఇంకో అడుగు వేసి, 1919లో హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించే చట్టం తెచ్చారు. ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే వారెంట్ లేకుండానే పట్టుకోవచ్చు. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో!

377 సంగతి ఇంకా గందరగోళం. 2009లో ఢిల్లీ హైకోర్టు అది చెల్లదంది. 2013లో సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. 2018 సెప్టెంబర్ 6న అయిదుగురు జడ్జీల ధర్మాసనం, ఇష్టపడిన పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని తేల్చింది. స్వలింగ జంటలకు పెళ్లి హక్కు మాత్రం 2023లో సుప్రీంకోర్టులో దక్కలేదు. ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించిన తీర్పు 2014 నాటిది. మగవాణ్ణి పెళ్లాడిన ట్రాన్స్ మహిళ కూడా మహిళేనని, అత్తింటి వేధింపులపై కేసు పెట్టుకోవచ్చని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో చెప్పింది.

2011 జనగణన ఉమ్మడి రాష్ట్రంలో 43,769 మందిని ‘ఇతరులు’ కింద లెక్కవేసింది. బయటికి కనిపించకుండా, ఇంట్లో సంబంధాలు చూస్తుంటే టెన్షన్ పడే గే, లెస్బియన్ పిల్లలకు ఆ గడి కూడా లేదు.

ట్రాన్స్‌జెండర్లకు ఇల్లు అద్దెకు ఇవ్వననడం కూడా వివక్షేనని 2019 నాటి ట్రాన్స్‌జెండర్ల హక్కుల రక్షణ చట్టం మూడో సెక్షన్‌లో రాశారు. అలా అన్న ఓనర్‌కు శిక్ష ఏమిటో మాత్రం రాయలేదు. గేటుకు టు-లెట్ బోర్డు వేలాడుతూనే ఉంటుంది, “ఖాళీ లేదు పో” అంటారు.