అరవై దాటాక కంటి రక్తనాళాల స్కాన్: అపోహలు, వాస్తవాలు

నేను బరంపురంలో కంటి స్కాన్‌లు తీసే పని చేస్తాను. పర్లాకిమిడి, కాశీనగర్ వైపు నుంచి, బోర్డరు అవతల ఇచ్ఛాపురం నుంచి తెలుగువాళ్లు చాలామంది వస్తుంటారు. ఫారం ఒడియాలో, రిపోర్టు ఇంగ్లీషులో ఉంటాయి. మధ్యలో తెలుగులో విడమరిచి చెప్పేవాళ్లు లేకపోతే పక్క బెంచీ మీదివాళ్లు చెప్పిందే వేదం.

అపోహ: "చూపు బాగుంది, షుగర్ లేదు, బీపీ లేదు. నాకెందుకు బాబూ?"

ఇందులో సగం నిజమే. ఏ ఇబ్బందీ లేని ప్రతి పెద్దమనిషికీ ఖరీదైన స్కాన్ అక్కర్లేదు. చాలామందికి డాక్టరు కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసి రెటీనా (కంటి వెనక పొర) చూస్తే సరిపోతుంది, మహా అయితే ఒక ఫోటో. కాకపోతే "బీపీ లేదు" అనేవాళ్లను ఎప్పుడు చూపించుకున్నారని అడిగితే జవాబు రాదు. కోత లేకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగేది కంటి లోపలే. బీపీ ఉంటే అక్కడి సన్న ధమనులు ఇంకా సన్నబడతాయి, సిరను దాటేచోట దాన్ని నొక్కేస్తాయి. అప్పటికి చూపు మామూలుగానే ఉండొచ్చు.

అపోహ: "యాంజియో అంటే గొట్టం వేస్తారు, అడ్మిట్ అవ్వాలి."

అది గుండెకు. కంటికి రెండు రకాలున్నాయి. పాతదాంట్లో చేతి నరానికి ఫ్లోరెసిన్ అనే పసుపు రంగు మందు ఎక్కించి ఫోటోలు తీస్తారు. మనుషులకు 1960 ప్రాంతంలో మొదలైంది. కొందరికి కాసేపు వికారంగా ఉంటుంది, మూత్రం పసుపుగా వస్తుంది, అరుదుగా ఎలర్జీ రావచ్చు.

కొత్తది ఓసీటీ యాంజియోగ్రఫీ. సూది లేదు, మందు లేదు, ఎక్స్‌రే కాదు, వెలుతురు మాత్రమే. ఒకేచోట వెంటవెంటనే కొన్నిసార్లు స్కాన్ చేస్తుంది. కదలని కణజాలం ప్రతిసారీ ఒకేలా వస్తుంది, రక్తకణాలు కదులుతాయి కాబట్టి అక్కడ తేడా పడుతుంది. ఆ తేడాలతోనే నాళాల బొమ్మ గీస్తుంది. అయితే నాళం నుంచి ఏదైనా కారుతోందా అన్నది ఇది చూపించదు. అందుకే డాక్టరు ఇప్పటికీ రంగు మందు టెస్ట్ రాస్తే పాతకాలం మనిషి అనుకోకండి.

అపోహ: "రిపోర్టులో నంబరు తక్కువుంది, జబ్బు వచ్చేసింది."

నేను ఎక్కువగా చూసే టెన్షన్ ఇదే. కొడుకు రిపోర్టు ఫోటో తీసి చుట్టాలందరికీ పంపిస్తాడు, సాయంత్రానికి ఇంటిల్లిపాదీ తిండి మానేస్తారు. ఆ నంబరు నాళాల సాంద్రత, అంటే రెటీనాలో రక్తనాళాలు ఎంత దట్టంగా ఉన్నాయన్నది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా వయసుతో పాటు అది కొంత తగ్గుతుంది. రెటీనా నడిమధ్య సుమారు అర మిల్లీమీటరు మేర రక్తనాళాలే ఉండవు. ఆ జాగా మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంటుంది, వయసుతో కొద్దిగా పెరగొచ్చు కూడా.

ఇంకో సంగతి, ఆ నంబరు బొమ్మ నాణ్యతను బట్టి మారిపోతుంది. శుక్లం ఉంటే వెలుతురు సరిగా లోపలికి పోదు, కన్ను పొడిబారినా అంతే, నాళాలు లేనట్టే కనబడతాయి. చూపు పక్కకు జరిగితే బొమ్మలో అడ్డగీతలు పడతాయి. కన్నీటి చుక్కలు వేసి, నాలుగుసార్లు రెప్పలు ఆడించమని మళ్లీ తీస్తే అదే కంటికి నంబరు పెరిగిన సందర్భాలున్నాయి. కాబట్టి ముందు సిగ్నల్ (కంటి లోపలి నుంచి మెషీన్‌కు తిరిగొచ్చిన వెలుతురు) ఎంత వచ్చిందో చూడాలి, ఆ తర్వాతే నంబరు. సిగ్నల్ బాగా లేని రిపోర్టును చేతికిచ్చి పంపడం నా దృష్టిలో తప్పు.

అపోహ: "చుక్కల మందు వేస్తే చూపు పాడవుతుంది."

పాడవదు. నాలుగైదు గంటలు దగ్గరివి మసకగా, ఎండ చురుక్కుమన్నట్టు ఉంటుంది. స్కూటర్ మీద రావద్దు, తోడు ఒకరిని తెచ్చుకోండి. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది కాబట్టి పెద్దవాళ్లకు కొన్నిసార్లు ఈ చుక్కలు తప్పవు. కంటి ముందు భాగం ఇరుకుగా ఉందేమో చూశాకే వేస్తారు.

అపోహ: "కంటి ఫోటో చూసి కంప్యూటర్ గుండెపోటు ఎప్పుడొస్తుందో చెప్పేస్తుంది."

2018లో గూగుల్ పరిశోధకులు రెటీనా ఫోటోల నుంచి వయసు, ఆడా మగా, బీపీ అంచనా వేయొచ్చని చూపించారు. అది లక్షల ఫోటోల మీద అంచనా. మీ తాతగారికి తేదీ చెప్పే జాతకం కాదు.

అపోహ: "ఎక్కడ తీసినా ఒకటే, పాత కాగితం ఎందుకు?"

ఒక్కో కంపెనీ మెషీన్ సాంద్రతను ఒక్కో రకంగా లెక్కకడుతుంది. బరంపురంలో ఒకదాని మీద, విశాఖలో ఇంకోదాని మీద తీసిన నంబర్లను పక్కపక్కన పెట్టి "తగ్గిపోయింది" అనడం కుదరదు. వీలైతే అదే మెషీన్ మీద, అదే సైజు స్కాన్ తీయించుకోండి. ఊరు మారితే పాత బొమ్మల ఫైలు అడిగి తీసుకెళ్లండి. ఫోన్లో తీసిన రిపోర్టు ఫోటో డాక్టరుకు పెద్దగా పనికిరాదు.